సికిల్ సెల్ ఉన్న బిడ్డను ఇంట్లో చూసుకోవడం ఎలా: ఒక పుల్ల, ఒక థర్మామీటర్, ఒక నీళ్ళ సీసా

"సిస్టర్, బీట్‌రూట్ పెడుతున్నాం, దానిమ్మ పెడుతున్నాం, ఖర్జూరం పెడుతున్నాం. అయినా రక్తం పెరగడం లేదు. ఇంకేం పెట్టమంటారు?"

ఏజెన్సీ ప్రాంతపు పిల్లల వార్డులో పనిచేస్తూ నేను ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇదే. ఇప్పుడు ఫోన్‌కి వచ్చే మెసేజ్‌లలోనూ ఇదే ఉంటోంది. అడిగే తల్లుల్ని తప్పుపట్టను. రక్తం తక్కువ అనగానే మనకు తట్టేది తిండే. కానీ సికిల్ సెల్‌లో రక్తం తగ్గేది తిండి చాలక కాదు, ఉన్న కణాలు తొందరగా విరిగిపోవడం వల్ల. అందుకే తిండి గురించి చివర్లో కొద్దిగానే చెబుతాను. బిడ్డ ప్రాణం కాపాడేవి వేరే పనులు. వాటిని బిడ్డ ఆడుకుంటున్న మామూలు రోజునే నేర్చుకోవాలి, జ్వరం వచ్చిన రాత్రి నేర్చుకోవడం కుదరదు.

ముందు లోపల జరిగేది కొంచెం తెలుసుకోండి. ఎర్ర రక్తకణం మెత్తగా ఉంటుంది, తనకంటే సన్నని రక్తనాళంలోకైనా వంగి దూరిపోతుంది. దాని లోపలంతా హిమోగ్లోబిన్. సికిల్ సెల్‌లో ఈ హిమోగ్లోబిన్ బీటా గొలుసులో 6వ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వేలీన్ ఉంటుంది. తేడా అంతే. ఆక్సిజన్ వదిలేశాక ఈ హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని పోగుల్లా గట్టిపడతాయి, కణం కొడవలిలా వంగిపోతుంది. మామూలు ఎర్రకణం 120 రోజులు బతికితే ఇది 10 నుంచి 20 రోజులే బతుకుతుంది. నాళానికి అడ్డం పడితే నొప్పి. విరిగిపోతే రక్తహీనత, పచ్చబడిన కళ్ళు. కణంలో నీరు తగ్గినా, జ్వరం వచ్చినా, చలి తగిలినా వంగడం ఎక్కువవుతుంది. కింద చెప్పే పనులన్నీ దీని చుట్టూనే.

కావలసినవి

- డిజిటల్ థర్మామీటర్. చేత్తో నుదురు తాకి చూడటం చాలదు.
- లీటరు, అరలీటరు గీతలున్న నీళ్ళ సీసా.
- ఒక ఐస్‌క్రీం పుల్ల, చెరగని పెన్ను.
- నోట్‌బుక్ ఒకటి. రిపోర్టులన్నీ పెట్టుకోవడానికి జిప్ ఉన్న ప్లాస్టిక్ కవరు.
- బరువు చూసి డాక్టర్ రాసిచ్చిన పారాసిటమాల్ సిరప్, దాని కొలత సిరంజి.
- రోజూ వేయాల్సిన మందులు, కనీసం పది రోజులకు మిగులు ఉండేలా.

1. రిపోర్టు ఏం చెబుతోందో ముందు తేల్చుకోండి

2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద 40 ఏళ్ళ లోపు వాళ్ళకు పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. కార్డు పోగొట్టుకోకండి. అందులో రాసింది ఏఎస్సా, ఎస్‌ఎస్సా అన్నది చూడండి. ఏఎస్ అంటే వాహకం. అమ్మానాన్నల్లో ఒకరి నుంచి మాత్రమే ఆ జన్యువు వచ్చింది. ఈ బిడ్డకు జబ్బు లేదు, కింద చెప్పేవేవీ అక్కర్లేదు, పెళ్ళి వయసు వచ్చేదాకా కార్డు దాచిపెడితే చాలు. ఎస్‌ఎస్ అంటే ఇద్దరి నుంచీ వచ్చింది, ఇది జబ్బు. "సికిల్ బీటా థలసీమియా" అని ఉన్నా జబ్బు కిందే లెక్క.

జాగ్రత్త: క్యాంపులో గొట్టంలో కలిపి చూసే సాల్యుబిలిటీ పరీక్ష పాజిటివ్ అంటే రక్తంలో సికిల్ హిమోగ్లోబిన్ ఉందని మాత్రమే. వాహకమా, జబ్బా అన్నది అది చెప్పదు. ఆరు నెలల లోపు బిడ్డల్లో ఆ పరీక్షను నమ్మలేం, ఎందుకంటే వాళ్ళ ఒంట్లో ఇంకా గర్భంలో ఉన్నప్పటి హిమోగ్లోబిన్ ఎక్కువ ఉంటుంది. తేల్చేది ల్యాబ్‌లో హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూసే హెచ్‌పీఎల్‌సీ, లేదా ఎలక్ట్రోఫోరెసిస్ పరీక్ష. బిడ్డకు గత మూడు నెలల్లో రక్తం ఎక్కించి ఉంటే ఆ సంగతి ల్యాబ్‌లో ముందే చెప్పండి, లేకపోతే దాత రక్తం కలిసి రిపోర్టు తారుమారవుతుంది.

2. "మామూలు" ఎంతో రాసి పెట్టుకోండి

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన పని ఇది. ఎస్‌ఎస్ ఉన్న బిడ్డ హిమోగ్లోబిన్ బాగున్న రోజున కూడా 7, 8, 9 మధ్య ఉండొచ్చు. కళ్ళు ఎప్పుడూ కొంచెం పచ్చగా ఉండొచ్చు. కొత్త డాక్టర్ 7.5 చూసి కంగారుపడొచ్చు, లేదా ఎప్పుడూ 9 ఉండే బిడ్డకు 7 వస్తే "వీళ్ళకి ఇంతే" అని వదిలేయొచ్చు. రెండూ ప్రమాదమే. నోట్‌బుక్ మొదటి పేజీలో రాయండి: జబ్బు లేని రోజున హిమోగ్లోబిన్ ఎంత, ఆక్సిజన్ ఎంత (ఆసుపత్రికి వెళ్ళినప్పుడు వేలికి క్లిప్పు పెట్టించి చూపించుకోండి), బరువు ఎంత, రక్తం గ్రూపు ఏది, ప్లీహం (ఎడమ పక్కటెముకల కింద ఉండే అవయవం, చూసే పద్ధతి కింద చెబుతాను) పక్కటెముకల కింద ఎన్ని వేళ్ళ మేర తగులుతోంది.

3. పొట్ట తడిమి ప్లీహం చూడటం

ప్లీహం ఎడమ పక్కటెముకల కింద ఉంటుంది. మన ఊళ్ళలో ఇది ఉబ్బితే "కడుపులో బల్ల" అంటారు. సికిల్ సెల్ ఉన్న చిన్నపిల్లల్లో, ముఖ్యంగా ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు, ఒక్కోసారి గంటల్లోనే రక్తమంతా ఈ ప్లీహంలోకి చేరి ఇరుక్కుపోతుంది. పొట్ట ఉబ్బుతుంది, బిడ్డ తెల్లగా పాలిపోతుంది. వెంటనే రక్తం ఎక్కించకపోతే ప్రాణం పోతుంది. జమైకాలో గ్రహమ్ సర్జెంట్ బృందం తల్లులకు పొట్ట తడమడం నేర్పాక ఈ కారణంతో పోయే పిల్లలు బాగా తగ్గారు. వాళ్ళూ మనలాంటి మామూలు తల్లులే. మీకూ వస్తుంది.

ఇలా చేయండి:

అ) బిడ్డ అన్నం తిని గంటైనా అయ్యాక, ఏడవకుండా ఉన్నప్పుడు వెల్లకిలా పడుకోబెట్టండి. మోకాళ్ళు కొంచెం మడవండి, పొట్ట మెత్తబడుతుంది. మీ చేతులు చల్లగా ఉంటే రుద్దుకుని వెచ్చచేసుకోండి.

ఆ) కుడిచేతి వేళ్ళు బల్లపరుపుగా బొడ్డు దగ్గర పెట్టండి. గుచ్చినట్టు కాదు, పిండి మీద అరచెయ్యి ఆనించినట్టు.

ఇ) అక్కడి నుంచి ఎడమ పక్కటెముకల వైపు కొంచెం కొంచెంగా జరపండి. బిడ్డ ఊపిరి పీల్చినప్పుడల్లా చెయ్యి కదపకుండా ఆగండి. ప్లీహం పెద్దగా ఉంటే ఊపిరితో పాటు కిందికి దిగి మీ వేలి కొసలకు తగులుతుంది. మీ ముక్కు కొన నొక్కి చూసుకోండి, ఇంచుమించు అలాంటి గట్టిదనం ఉండే అంచు.

ఈ) అంచు దొరికాక పుల్ల ఒక చివర పక్కటెముకకు ఆనించి, అంచు ఉన్న చోట పెన్నుతో గీత పెట్టండి. పక్కన తేదీ రాయండి.

మొదటి రెండుసార్లు నర్సు దగ్గరో డాక్టర్ దగ్గరో చేసి చూపించండి. "ఇక్కడేనా?" అని అడగండి. వాళ్ళు మీ వేళ్ళ మీద వేళ్ళు పెట్టి చూపిస్తారు. ఏమీ తగలకపోతే కంగారు వద్దు, అదీ రాసుకోవాల్సిన సంగతే. మన దగ్గర ఐదేళ్ళు దాటిన పిల్లల్లో కూడా ప్లీహం పెద్దగానే ఉండటం చూస్తుంటాం, కాబట్టి వయసు దాటిందని మానేయకండి.

ఎప్పుడు చూడాలి: చిన్నపిల్లలకు రోజూ స్నానానికి ముందు. జ్వరం, నొప్పి, నీరసం ఉన్న రోజున రెండు మూడు సార్లు.

అందరూ చేసే పొరపాటు: పక్కటెముకల అంచు దగ్గరే మొదలుపెట్టడం. ప్లీహం బాగా పెరిగి బొడ్డు దాకా వచ్చి ఉంటే మీ చెయ్యి దాని మీదే ఉంటుంది, అంచు దొరకదు, "ఏమీ లేదు" అనుకుంటారు. అందుకే బొడ్డు దగ్గర నుంచి పైకి రమ్మంటున్నాను. రెండో పొరపాటు గట్టిగా నొక్కడం. ఉబ్బిన ప్లీహం సున్నితమైనది.

ఒక తెల్లవారుజామున ఒక తల్లి బిడ్డను భుజాన వేసుకుని వార్డులోకి వచ్చింది. చేతిలో పుల్ల ఉంది. "గీత దాటింది సిస్టర్" అంది, అంతే. జ్వరం లేదు, నొప్పి లేదు, బిడ్డ మగతగా ఉంది. అరచేతులు చూస్తే కాగితంలా ఉన్నాయి. 8 ఉండాల్సిన హిమోగ్లోబిన్ సగానికి పడిపోయింది. రక్తం ఎక్కించాం. మధ్యాహ్నానికి ఆ పాప పాలు అడిగింది. ఆ తల్లి ఇంకో పూట ఆగి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. అందుకే ఈ అంశం మీద ఇంత రాస్తున్నాను.

ప్లీహం అంచు పుల్ల మీది మామూలు గీతను రెండు వేళ్ళ మందం దాటితే, లేదా కొంచెమే దాటినా బిడ్డ పాలిపోయి మగతగా ఉంటే, ఇంకేదీ చూడకండి, 108కి ఫోన్ చేయండి.

4. నీళ్ళు

పదికిలోల బిడ్డకు రోజుకు లీటరు, ఇరవై కిలోలకు లీటరున్నర. ఇందులో పాలు, మజ్జిగ, గంజి, రాగి జావ అన్నీ కలుపుకోవచ్చు. ఎండాకాలం, జ్వరం, విరేచనాలు ఉంటే ఇంకా ఎక్కువ. "తాగుతూనే ఉంటాడు" అనే అంచనా వద్దు, పొద్దున సీసా నింపి రాత్రికి ఎంత మిగిలిందో చూడండి.

ఈ పిల్లల కిడ్నీలు మూత్రాన్ని చిక్కబరచలేవు. అందువల్ల మూత్రం ఎక్కువ వస్తుంది, పెద్ద పిల్లలు కూడా రాత్రి పక్క తడుపుతారు. దయచేసి తిట్టకండి, కొట్టకండి, రాత్రిపూట నీళ్ళు ఆపకండి. నిద్రలో ఒకసారి లేపి తీసుకెళ్ళండి, లేచినప్పుడు ఇంకో గుక్క తాగించండి.

5. రోజూ మందులు

పెన్సిలిన్: ఐదేళ్ళ లోపు పిల్లలకు పొద్దున, సాయంత్రం. సికిల్ సెల్‌లో ప్లీహం ఉన్నా సరిగ్గా పనిచేయదు, న్యుమోకాకస్ లాంటి సూక్ష్మజీవులు రక్తంలోకి సులువుగా చేరతాయి. జ్వరం లేకపోయినా వేయాలి, ఇది ముందు జాగ్రత్త మందు. టీకాలు కూడా అంతే ముఖ్యం. మామూలు టీకాలు పూర్తయ్యాయా, రెండేళ్ళు దాటాక అదనంగా వేయాల్సిన న్యుమోకాకల్ టీకా సంగతేంటి అని అడగండి.

ఫోలిక్ ఆమ్లం: డాక్టర్ రాసినంత.

హైడ్రాక్సీయూరియా: ఒంట్లో గర్భకాలపు హిమోగ్లోబిన్‌ను పెంచుతుంది, అది కణాన్ని వంగనివ్వదు. మోతాదు బరువును బట్టి డాక్టర్ నిర్ణయిస్తారు. రోజూ ఒకే వేళకు వేయాలి. గుణం కనిపించడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. "నెల వేశాం, ఏం తేడా లేదు" అని మానేసినవాళ్ళు చాలామంది. నొప్పి వచ్చినప్పుడే వేసేవాళ్ళు ఇంకొందరు. రెండూ తప్పే. ఇది నొప్పి మాత్ర కాదు. మొదట్లో నెలకోసారి, తర్వాత రెండు మూడు నెలలకోసారి రక్తపరీక్ష తప్పనిసరి, తెల్లకణాలు మరీ తగ్గకుండా చూసుకోవాలి. క్యాప్సూల్‌ను ఉత్త చేతులతో విప్పకండి. గర్భిణిగా ఉన్న తల్లి దాన్ని అసలు తాకకపోవడం మేలు. ఆడపిల్ల పెద్దదై పెళ్ళయ్యాక గర్భం అనుకుంటే ముందే డాక్టర్‌తో మాట్లాడాలి.

ఐరన్: అడగకుండా వేయకండి. స్కూల్లో ఇచ్చే ఐరన్ మాత్రల గురించి కూడా డాక్టర్‌ని అడిగి, ఆయన చెప్పింది టీచర్‌కి రాసివ్వండి. విరిగిన కణాల్లోని ఇనుము ఒంట్లోనే ఉంటుంది, రక్తం ఎక్కించిన ప్రతిసారీ ఇంకా చేరుతుంది. ఒంట్లో ఇనుము నిల్వ ఎంతో చూపే ఫెరిటిన్ పరీక్షలో తక్కువని తేలితేనే ఐరన్.

6. జ్వరం వస్తే

ముందు థర్మామీటర్ పెట్టండి, అంకె, టైము రాయండి. 101 డిగ్రీలు, అంతకు మించితే ఆసుపత్రికి బయలుదేరండి. రాత్రయినా, పండగైనా, వానైనా. చంకలో పెడితే అసలు కంటే కొంచెం తక్కువ చూపిస్తుంది కాబట్టి 100.4 దాటగానే మీ డాక్టర్‌కో నర్సుకో ఫోన్ చేయండి. పారాసిటమాల్ వేయొచ్చు, కానీ వేసి "తగ్గుతుందేమో చూద్దాం" అని కూర్చోకండి. అంకె తగ్గినా లోపలి ఇన్‌ఫెక్షన్ తగ్గదు.

ఏజెన్సీలో జ్వరం అనగానే వేలికి సూది గుచ్చి మలేరియా చూస్తారు. చూడాల్సిందే, సికిల్ సెల్ బిడ్డకు మలేరియా చాలా ప్రమాదం. అయితే మలేరియా పాజిటివ్ వచ్చినా "యాంటీబయాటిక్ కూడా కావాలా సార్?" అని అడగండి. రెండూ ఒకేసారి ఉండొచ్చు. వాహకానికి మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుందన్న మాట నిజమే, అది ఎస్‌ఎస్ బిడ్డకు వర్తించదు. దోమతెర తప్పనిసరి.

7. నొప్పి వస్తే

పసిబిడ్డల్లో మొదటి నొప్పి తరచుగా చేతివేళ్ళూ కాలివేళ్ళూ ఉబ్బడంతో కనిపిస్తుంది. పెద్దపిల్లల్లో కాళ్ళు, నడుము, వీపు, ఛాతీ.

తాగగలిగినంత తాగించండి. వెచ్చటి కాపడం పెట్టండి, వేడినీళ్ళ సీసాకు గుడ్డ చుట్టి గానీ, వేయించిన ఉప్పు మూటతో గానీ. ముందు మీ మణికట్టు మీద ఆనించి చూసుకోండి. ఐస్ మాత్రం పెట్టకండి, నాళాలు ఇంకా ముడుచుకుంటాయి. ఎప్పుడూ పడుకోబెట్టకుండా మధ్యమధ్య కూర్చోబెట్టి గట్టిగా ఊపిరి పీల్పించండి, ఊపిరితిత్తుల అడుగున గాలి చేరాలి.

పారాసిటమాల్ కిలో బరువుకు 15 మిల్లీగ్రాములు, ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగుసార్లకు మించకుండా. ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. సిరప్‌లు అన్నీ ఒకటి కాదు. 12 కిలోల బిడ్డకు 180 మిల్లీగ్రాములు కావాలి. సీసా మీద "5 మి.లీ.లో 250" అని ఉంటే 3.6 మి.లీ., "5 మి.లీ.లో 120" అని ఉంటే 7.5 మి.లీ. సీసా మారినప్పుడల్లా అంకె చదవండి. ఇబుప్రోఫెన్ డాక్టర్ చెబితేనే, అన్నం తిన్నాక. ఒంట్లో నీరు తగ్గినప్పుడు, కిడ్నీ సమస్య ఉన్నప్పుడు, డెంగీ అనుమానం ఉన్నప్పుడు అసలే వద్దు. ఆస్ప్రిన్ పిల్లలకు వద్దు.

రెండు మోతాదులు వేసినా నొప్పి తగ్గకపోతే, బిడ్డ ఏమీ తాగలేకపోతే ఆసుపత్రికి వెళ్ళండి. బిడ్డ నొప్పి అంటే నొప్పే. పైకి వాపు లేదని, నటిస్తున్నాడని అనకండి. ఎముక లోపల రక్తం ఆగినప్పటి నొప్పి బయటికి కనిపించదు.

8. వీటికి ఎదురుచూపు లేదు

- ఛాతీ నొప్పి, దగ్గు, ఎగశ్వాస.
- మూతి ఒక పక్కకు పోవడం, మాట తడబడటం, ఒక చెయ్యి లేదా కాలు పట్టు తప్పడం, ఫిట్స్. పది నిమిషాల్లో మామూలైనా సరే వెళ్ళాలి.
- ఒక్కసారిగా పాలిపోవడం, మగత.
- మగపిల్లల్లో అంగం గట్టిపడి నొప్పితో రెండు గంటలు దాటడం. పిల్లలు సిగ్గుతో చెప్పరు. ఎనిమిది, తొమ్మిదేళ్ళు రాగానే తండ్రో మేనమామో కూర్చోబెట్టి "ఇలా అయితే వెంటనే చెప్పు, తప్పేం కాదు" అని ముందే చెప్పాలి.

రెండేళ్ళు దాటిన ఎస్‌ఎస్ పిల్లలకు ఏడాదికోసారి మెదడు రక్తనాళాల డాప్లర్ స్కాన్ చేస్తే పక్షవాతం ముప్పు ముందే తెలుస్తుంది. మీ ఊళ్ళో ఉండకపోవచ్చు, పెద్దాసుపత్రికి వెళ్ళినప్పుడు అడగండి.

9. స్కూలు, ఆశ్రమ పాఠశాల

వార్డెన్‌కి, క్లాస్ టీచర్‌కి ఒక కాగితం రాసివ్వండి: నీళ్ళ సీసా బెంచీ మీద ఉండాలి, మూత్రానికి అడిగిన ప్రతిసారీ పంపాలి, పరుగుల పోటీల్లో అలసితే ఆపేయనివ్వాలి, జ్వరం వస్తే ఆ పూటే కబురు చేయాలి. పాడేరు, లంబసింగి వైపు చలికాలంలో చన్నీళ్ళ స్నానం వద్దు. వాగుల్లో, గెడ్డల్లో ఈత కొట్టి తడిబట్టలతో తిరగడం వల్ల నొప్పులు వచ్చి చేరిన పిల్లల్ని ప్రతి ఏటా చూస్తాం.

ఎక్కువగా జరిగే తప్పులు

పచ్చని కళ్ళు చూసి కామెర్లనుకుని పసరు తాగించడం, కంట్లో చుక్కలు వేయించడం. ఈ పచ్చదనం విరిగిన కణాలది, పసరుతో పోదు, పైగా కాలేయానికీ కంటికీ దెబ్బ. బల్ల కరుగుతుందని పొట్ట మీద వాతలు పెట్టించడం. వాత పుండు పడితే అక్కడి నుంచే ఇన్‌ఫెక్షన్. పెద్దవాళ్ళు బిడ్డ మీద ప్రేమతోనే చెబుతారు, వాళ్ళతో గొడవ పడకుండా పుల్ల మీద గీత చూపించి "అత్తమ్మా, ఇది పెరిగితే రక్తం ఎక్కించాల్సిందే" అని నిదానంగా చెప్పండి.

హిమోగ్లోబిన్ అంకె తక్కువగా ఉందని ప్రతిసారీ రక్తం ఎక్కించమని పట్టుబట్టడం. మామూలు అంకె దగ్గరే ఉండి బిడ్డ హుషారుగా ఉంటే అక్కర్లేదు.

"ఒక బిడ్డకు వచ్చేసింది, ఇక తర్వాతి వాళ్ళకి రాదు" అనుకోవడం. అమ్మానాన్నలిద్దరూ ఏఎస్ అయితే ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు ముప్పు మళ్ళీ కొత్తగా మొదలవుతుంది. గర్భం అని తెలియగానే చెప్పండి, 10 నుంచి 12 వారాల మధ్య కడుపులో బిడ్డకు పరీక్ష చేయొచ్చు.

తిండి సంగతి: ఇంట్లో అందరూ తినేదే. పప్పు, గుడ్డు, ఆకుకూర, చేప, చిక్కుడు. బీట్‌రూట్ పెట్టండి, తప్పేం లేదు, దాని కోసం అప్పు చేయకండి.

సరిగ్గా జరుగుతోందని ఎలా తెలుస్తుంది

మూడు నెలలకోసారి నోట్‌బుక్ వెనక్కి తిప్పండి. నొప్పితో బడి మానిన రోజులు తగ్గాయా? బరువు పెరుగుతోందా? పుల్ల మీద గీతలు ఒకేచోట ఉన్నాయా? మూత్రం లేత రంగులో వస్తోందా? హైడ్రాక్సీయూరియా వాడుతుంటే రక్తపరీక్ష కాగితంలో ఎంసీవీ (ఎర్రకణం సగటు సైజు) అనే అంకె మెల్లగా పెరుగుతుంది, మందు క్రమంగా పడుతోందనడానికి అది మంచి గుర్తు. పెరగకపోతే మోతాదులు తప్పుతున్నాయేమో ఇంట్లో ఎవరినీ తిట్టకుండా అడిగి తెలుసుకోండి.

ఇంకో పని. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో సికిల్ సెల్ కూడా ఉంది. సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేయండి.

చివరగా, ఈ నాలుగు వరుసలు నోట్‌బుక్ అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి ఖాళీలు నింపండి. మీరు లేనప్పుడు నాయనమ్మో, పక్కింటావిడో బిడ్డను తీసుకెళ్ళాల్సి వస్తే ఆ అట్ట డ్యూటీ డాక్టర్ ముందు పెడితే చాలు:

"ఈ బిడ్డకు సికిల్ సెల్ ఎస్‌ఎస్.
మామూలు హిమోగ్లోబిన్ ____, మామూలు ప్లీహం ____ వేళ్ళు, బరువు ____, రక్తం గ్రూపు ____.
రోజూ వేసే మందులు ____. పడని మందులు ____.
ఈ రోజు జ్వరం ____ గంటలకు మొదలైంది, థర్మామీటర్‌లో ____ ఉంది."